పుష్యమాసంలో ఇల్లు మారేవాళ్ళు

పంచాంగం పుష్యాన్ని శూన్యమాసం అంటుంది. ఆ నెల గృహప్రవేశాలు చేయగూడదు, ఇల్లు మారగూడదు. ఈ నిషేధం ఎవరికి? ఇల్లున్నోళ్ళకి. పనికోసం కదిలేవాళ్ళు ఆ చలి నెలలకల్లా ఊరు విడిచి పరాయి నేలమీద ఉంటారు.

ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి దళిత, ఆదివాసీ కుటుంబాలు దశాబ్దాలుగా తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నాయి. నువాఖాయి పండగ దాటాక సర్దార్లు అడ్వాన్సు చేతిలో పెడతారు. మొగుడు, పెళ్ళాం, ఒక పిల్ల కలిపి ఒక లెక్క. దాని పేరు 'పథురియా'. బట్టీ కొనేది ఒక మనిషి కష్టాన్ని కాదు, కుటుంబం మొత్తాన్ని. అందుకే ఇల్లంతా కదలాలి. వచ్చాక ఇటుకలు పేర్చి, వంగితే తప్ప దూరలేని గుడిసె వాళ్ళే వేసుకుంటారు. వానలకు ముందు తిరిగిపోతారు.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, ఇల్లు విడిచి వచ్చినందుకు నెల జీతంలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది, జీతానికి అదనంగా ఇవ్వాలంది. తిరిగి రాబట్టుకోగూడదంది. బట్టీలో దొరికింది మాత్రం అడ్వాన్సు. అది ఇటుకల లెక్కన తీర్చాల్సిన అప్పు. 1976లో వెట్టి రద్దయిందని మేము చదువుకున్నాం. బాకీ తీరేదాకా కదలనీయకపోతే అది వెట్టి గాక మరేంది?

1327లో తుగ్లక్ రాజధాని మార్చిన సంగతి బడిలో బట్టీపట్టాం. ఏటా ఇల్లు మార్చే వీళ్ళ గురించి ఒక్క పాఠమూ చదవలేదు. ఆ చరిత్ర మొదలుపెట్టాలంటే పంచాంగం మూసి, సర్దారు అడ్వాన్సు లెక్కలు తెరవాలి.