ఘటోత్కచుడి బడి

మన సంఘంలో నాలుగు కుటుంబాలు ఒకచోట చేరి భోజనాలు ముగించాక, మాటలు ఎక్కడెక్కడో తిరిగి చివరకు పాత సినిమాల దగ్గర ఆగడం మీరందరూ ఎరిగినదే. అప్పుడు ఎవరూ కథ మొత్తం చెప్పరు. యుద్ధాలూ, శపథాలూ ఎవరికీ గుర్తు రావు. "ప్రియదర్శిని పెట్టెలోకి కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడే, అదీ!" అంటారొకరు. "పెళ్ళిపీటల మీద మాయాశశిరేఖ కాలు తొక్కినప్పుడు రేలంగి ముఖం చూడాలి" అంటారింకొకరు. గోంగూర మాట వచ్చేసరికి వంటింట్లో ఉన్నవారు కూడా చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వస్తారు. మూడు గంటల సినిమాలో మూడు నిమిషాలైనా ఉండని ఈ చిన్న చిన్న ఘట్టాలే మనతో సముద్రాలు దాటి వచ్చాయి. వాటిలో ఒకదాని చరిత్ర చెప్పుకోవాలని ఈ వ్యాసం. అది చెప్పడానికి నాకొక సొంత కారణం కూడా ఉంది. దాన్ని చివరకు అట్టేపెడతాను.

విజయా వారి "మాయాబజార్" 1957 మార్చి 27న విడుదలయింది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి; దర్శకులు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లే. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు. అది జనం కల్పించుకున్నది, నాటకాల వారు పెంచి పోషించినది. సురభి వారు మాయాబజారు ఆడుతున్నారంటే బండ్లు కట్టుకుని వెళ్ళిన తరం మన తాతలది. 1936లో అది ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. అంటే 1957లో టిక్కెట్టు కొన్న ప్రతి మనిషికీ కథ ముందే తెలుసు. తరువాత ఏమవుతుందన్న ఆత్రుత మీద అటువంటి సినిమా నడవదు. దాన్ని నడిపించవలసినవి చిన్న ఘట్టాలే. పాండవుల ఇంటి పెళ్ళికథలో పాండవులు ఒక్కసారైనా తెరమీదకు రారన్న సంగతి మనలో ఎందరు గమనించారు? వారు లేని లోటు తెలియకుండా సినిమా నిండిపోయిందంటే అది ఆ ఘట్టాల చలవే.

నేను చెప్పబోయే ఘట్టం ఘటోత్కచుడి ఆశ్రమంలో జరుగుతుంది. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు, రమణారెడ్డి గురువు చిన్నమయ. రాక్షస శిష్యులకు సంస్కృతపు మాటలతో కూడిన పాఠం. వారి నాలుకలకు సంయుక్తాక్షరాలు లొంగవు. "అస్మదీయులు" అనవలసినది "అసమదీయులు" అవుతుంది. మనవాళ్ళు అసమదీయులైతే పగవాళ్ళెవరు? శిష్యుడి తర్కం ప్రకారం వాళ్ళు "తసమదీయులు". వ్యాకరణం తెలిసినవారికి ఇది ఒళ్ళు జలదరించే మాట. సంస్కృతంలో అస్మదీయం ఉంది, యుష్మదీయం ఉంది, తదీయం ఉంది. తసమదీయం మాత్రం ఏ నిఘంటువులోనూ లేదు. అటువంటి మాట ఎక్కడిదన్న ప్రశ్న రానే వస్తుంది. అప్పుడు ఘటోత్కచుడు శిష్యుణ్ణి కోప్పడడు, వెక్కిరించడు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయన్న భావం వచ్చేలా నాలుగు ముక్కలు చెప్పి, ఆ శిష్యుడికి బహుమానంగా వీరతాడు వేయిస్తాడు. అంతే ఘట్టం.

కథకు దీనితో పనిలేదు. కత్తిరించి పారేసినా శశిరేఖ పెళ్ళి ఆగదు. పైగా కె.వి. రెడ్డిగారు నిడివి విషయంలో మహా గట్టివారు. ఏ సన్నివేశం ఎంతసేపు ఉండాలో షూటింగుకు ముందే స్టాప్‌వాచీ పెట్టి లెక్క కట్టుకునేవారని వారి దగ్గర పనిచేసినవారు చెప్పారు. అంత లెక్కగల మనిషి, కథకు అక్కరలేని ఈ పాఠానికి చోటిచ్చారంటే దాని విలువ ఆయనకు తెలుసన్నమాట.

ఇక ఆ మాటలు పుట్టించిన మనిషి సంగతి. పింగళి నాగేంద్రరావు (1901-1971) బందరులో పెరిగి, అక్కడి జాతీయ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. కొంతకాలం ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేశారు. మన సంఘంలో సగంమంది ఇంజనీర్లే కనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. తరువాత ఆయన నాటకాలవైపు మళ్ళి, ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగు చేశారు, "వింధ్యరాణి" వంటి సొంత నాటకాలు రాశారు. సినిమాలకు వచ్చాక మాటలను యంత్రభాగాల్లా విప్పి మళ్ళీ బిగించడం ఆయనకొక ఆటయింది. "పాతాళభైరవి" (1951)లో నేపాళ మాంత్రికుడి నోట "డింభకా" అన్న పాత సంస్కృతపు మాట వీధి పిల్లల సొత్తయింది. "మిస్సమ్మ" (1955)లో రేలంగి నోట "తైలం" అంటే డబ్బయింది. "మాయాబజార్"లోనే తల్పానికి జోడీగా "గిల్పం", కంబళికి జోడీగా "గింబళి" వచ్చాయి. ఈ మాటల్లో కొన్ని సినిమాతో పోలేదు. రాజకీయ పక్షాల తగాదాలు రాసే పత్రికలవారు "అసమదీయులు, తసమదీయులు" అని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. రాక్షసుడి తప్పు భాషలో ఒప్పయి కూర్చుంది.

నిజానికి ఆ శిష్యుడు చేసినది కొత్త తప్పేమీ కాదు. కలిసి ఉన్న హల్లులు నోరు తిరగనప్పుడు మధ్యలో ఒక అచ్చు దూర్చి పలకడం తెలుగువాడికి అనాదిగా ఉన్న అలవాటు. రత్నం రతనమయింది, యత్నం జతనమయింది. వాటిని కవులే పద్యాల్లో వాడుకున్నారు. ఆ తరువాత ఇంగ్లీషు వచ్చింది. మన తాతలు స్కూలును ఇస్కూలు చేశారు, స్టేషనును టేసను చేశారు, హాస్పిటలును ఆసుపత్రి చేసి పత్రాల మీదకు కూడా ఎక్కించారు. వారినెవరూ వేదిక దింపలేదు. రాని మాటను తమ నోటికి తగ్గట్టు సవరించుకున్నారు, అంతే. ఈ దేశంలో పుట్టిన మన పిల్లలు చేస్తున్నదీ అదే పని, అవతలి దిక్కునుంచి.

ఇప్పుడు నా సొంత కారణం. చాలా ఏళ్ళ క్రితం మన ఉగాది సభ ఒక బడి హాలులో జరిగింది. పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు అద్దెకు తెచ్చి సాయంత్రం "మాయాబజార్" వేశాం. దానికి ముందు పిల్లల కార్యక్రమం. ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు కాగితం చూడకుండా తన అమ్మమ్మ గురించి తెలుగులో మాట్లాడాడు. అమ్మమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుందనీ, తను రాసిన ఉత్తరాలు పక్కింటివాళ్ళ చేత చదివించుకుంటుందనీ, ఎందుకంటే "అమ్మమ్మకు కల్లు సరిగా కనపడదు" అనీ అన్నాడు. హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో "అయితే ముంత దగ్గరకు జరపమను" అన్నారు. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. పిల్లవాడు ఇంకా చెప్పవలసింది ఉందనుకుంటాను, కాని కాసేపు అలాగే నిలబడి దిగిపోయాడు. ఆ మరుసటి ఏడు వేదిక ఎక్కలేదు. ఆ తరువాత మాతో తెలుగులో మాట్లాడనూ లేదు. అడిగితే ఇంగ్లీషులోనే బదులు చెప్పేవాడు.

ఆ సాయంత్రమే రెండు గంటల తరువాత ఘటోత్కచుడి ఆశ్రమం తెరమీదకు వచ్చింది. "అసమదీయులు" అన్న మాటకు హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. రాక్షసుడి నాలుక తిరగకపోతే చప్పట్లు, మన పిల్లవాడి నాలుక తిరగకపోతే నవ్వు. రెండింటికీ ఒకే మనుషులం, అవే కుర్చీలు. ఈ తేడా నాకు ఆ రోజు తోచలేదు. చాలా ఏళ్ళకు వీడియోలో అదే ఘట్టం ఒంటరిగా చూస్తున్నప్పుడు తోచింది. మనం ఆ ఘట్టాన్ని ఇంతగా ప్రేమించామే గాని, అందులో ఘటోత్కచుడు చేసిన పని ఒక్కనాడూ చేయలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. కిందటి పండుగకు సకుటుంబంగా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. అతని చిన్న కూతురిని ఎవరో మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగితే "రేపురేపు" అంది. ఎల్లుండి అన్న మాట దానికి తెలియదు. రేపు తెలుసు. దాని అవతలి రోజు రేపురేపు కాక మరేమవుతుంది? తండ్రి ముందు కూతురి వంక చూడలేదు, మా అందరి ముఖాల వంక చూశాడు. ఎవరూ నవ్వలేదని రాయాలని ఉంది గాని, ఒకరిద్దరు నవ్వారు.

సభ్యులకు నా మనవి ఒక్కటే. పిల్లల ఉచ్చారణ దిద్దవద్దని నేననను. చిన్నమయ పాఠం చెప్పడం మానలేదు, ళకారానికీ లకారానికీ తేడా మనమూ నేర్పవలసిందే. అది ఇంట్లో మెల్లగా చేయవచ్చు. సభలో మాత్రం ఘటోత్కచుడి పద్ధతి పాటిద్దాం. మీ పిల్లలు పుట్టించిన తెలుగు మాటలు, వాటి అర్థాలు కాగితం మీద రాసి పంపండి. వచ్చే ఉగాది సంచికలో ఒక పేజీ వాటికి కేటాయిద్దాం. ఆ రోజు వేదిక ఎక్కి నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడిన ప్రతి బిడ్డకూ మెడలో ఒక వీరతాడు వేద్దాం. రంగుదారాలు నేను తెస్తాను. పేనడానికి ఇద్దరు ముగ్గురు ఒక గంట ముందు వస్తే చాలు.