వృక్షనామములు – వనరక్షణము

తెలుగుదేశపు వనవృక్షముల చరిత్రమును విచారించువారు మొదట స్మరింపదగిన స్థలము సామర్లకోట. ఈస్టిండియా కంపెనీ వైద్యుడగు విలియము రాక్సుబరో (1751–1815) 1781 మొదలుకొని యచ్చట నుండి, పరిసరారణ్యములలోని మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచే వాని రూపములను వ్రాయించెను. 1793లో నాతడు కలకత్తా వృక్షోద్యానమున కధిపతియై వెడలెను. కోరమాండలు తీరమందలి మొక్కలను గూర్చిన యాతని గ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగ, 300 చిత్రములతో లండనున వెలువడెను.

ఇందు భాషాపరిశోధకులు గమనింపవలసిన విశేషము కలదు. దేశీయులు పిలుచు పేరునే యాతడు కొన్నియెడల శాస్త్రనామమున నిలిపెను. సండ్రచెట్టునకు ‘మిమోసా సుండ్ర’ యని పేరిడెను. జ్వరహరమని యాతడు వర్ణించిన సోమిద పేరు పిమ్మట ‘సోయ్మిడా’ యను ప్రజాతినామ మయ్యెను. జాలారిని ‘షోరియా టంబుగ్గాయియా’ యనెను. అందలి రెండవ పదము లాటిను గాదు, దేశ్యము. బ్రౌనుదొరయు 1852 నాటి తన నిఘంటువున ననేక వృక్షములకు శాస్త్రనామములను జేర్చెను. మన నిఘంటువులో, పెక్కుచోట్ల ‘వృక్షవిశేషము’ అని మాత్రమే చెప్పి విడిచినవి. అంతమాత్రమున చదువరి యా వృక్షము నడవిలో గుర్తింపజాలడు.

గుర్తింపలేనిదానిని రక్షించుట యెట్లు? జాలారినే చూడుడు. ఇది సాలవృక్షమునకు సజాతీయము. తూర్పుకనుమల దక్షిణభాగమున దప్ప నన్యత్ర దుర్లభము. కలపకొరకును, ధూపద్రవ్యమగు జిగురుకొరకును నరకబడి, గాయపడి, నేడు అంతరించు ప్రమాదమున నున్న వృక్షముల పట్టిక కెక్కినది. ఈ జాతి విత్తనముల జీవశక్తి స్వల్పకాలికము. ధాన్యమువలె గాదెలో దాచుటకు వీలుగాదు. కావున పుట్టిన కొండమీదనే దీనిని గాపాడవలయును. 2010లో శేషాచలము జీవావరణ రక్షితప్రదేశముగ బ్రకటింపబడుట యిందులకు దోడ్పడినది.

హైదరాబాదున ఉప్పలు మార్గమునందు, 1977లో నేర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. జీవకణమునందలి వంశలిపిని జదువు విద్య యట్టి శాలలలో వర్ధిల్లుచున్నది. కాని యా లిపి తెలుగుపేరును జెప్పదు. చెప్పవలసినవారు కొండవాసులు, గొల్లలు, మూలికావైద్యులు. ఉప్పలు, నాచారముల వలె పల్లెలు నగరమున గలసిపోవుకొలది బీళ్లతోపాటు బీటిమొక్కల పేర్లును మరుగునపడును.

కావున పండితులు, పాఠశాలోపాధ్యాయులు తమ ప్రాంతపు ప్రతి వృక్షనామమును, విన్న యూరును, తేదిని, చెప్పినవారి వృత్తిని వ్రాసి, ఎండబెట్టిన యాకును పువ్వును జతచేసి భద్రపరుపవలయును. అరుదైన మొక్కయైనచో రాలిన యాకు, చిత్రము చాలును, కొమ్మ విఱువరాదు. ఒకే పేరు రెండు మొక్కలకున్న రెంటిని జూపవలయును. రాబోవు నిఘంటువున ‘వృక్షవిశేషము’ అను మాట తగ్గినకొలది వనరక్షకుల పని సుకరమగును.