నిజామాబాద్ నల్లా నీళ్ళు, 1877 నాటి ఇసుక గొట్టం

నిజామాబాద్ లో కొత్తగా అక్వేరియం పెట్టిన చాలామంది చేసే పని.. వారం తిరక్కుండానే ఫిల్టర్ స్పాంజి తీసి నల్లా కింద తళతళలాడేలా తోమెయ్యడం. నాలుగు రోజుల్లో చేపలు ఒక్కొక్కటే తేలతాయి. (నడుస్తున్న సర్వర్ ని ఫార్మాట్ కొట్టినట్టన్న మాట!)

ఎందుకో తెలియాలంటే 1877 కి వెళ్ళాలి. ఫ్రాన్స్ లో ష్లోజింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి పొడి నింపిన గొట్టంలోంచి మురుగునీళ్ళు వదిలారు. ఇరవై రోజులు ఏమీ లేదు. తర్వాత, లోపలికెళ్ళిన అమ్మోనియా నైట్రేట్ గా బయటికి రావడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే ఆగిపోయింది. అది పోయాక కూడా మొదలవలేదు, కాస్త తోట మట్టి కలిపిన నీళ్ళు పోస్తే గానీ! అంటే పని చేసేది ఇసుక కాదు, అందులో కాపురమున్న ప్రాణులు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ వాటిని విడదీసి చూపించాడు. అమ్మోనియాని నైట్రైట్ చేసేవి కొన్ని, దాన్ని నైట్రేట్ చేసేవి వేరే. రెండు పనులూ ఒక్కటే చేసే నైట్రోస్పైరా 2015 లో బయటపడింది, అదీ చేపల తొట్ల ఫిల్టర్ లో.

బోధన్ రైతు చెరకుకి యూరియా చల్లితే మట్టిలో జరిగేదీ ఇదే. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్ లో ఆగింది గానీ, ఈ ఫ్యాక్టరీకి లేఆఫ్ లేదు. అక్కడ నైట్రేట్ ని చెరకు తాగేస్తుంది. మన తొట్టిలో చెరకు లేదుగా, వారం వారం కొన్ని నీళ్ళు మార్చాల్సిందే.

క్లోరోఫాం స్థానంలో మనకి మున్సిపాలిటీ క్లోరిన్. అందుకే స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్ళలోనే పిండండి. తోట మట్టికి బదులు దోస్తు పాత తొట్టిలోని స్పాంజి ముక్క. కరెంటు పోయి ఫిల్టర్ గంటల తరబడి ఆగితే మాత్రం వాటికి ఊపిరాడదు.