తాకి తెలుసుకొనే ప్రదర్శనశాల

ప్రదర్శనశాలల్లో సాధారణంగా "వస్తువులను తాకరాదు" అన్న హెచ్చరికే కనిపిస్తుంది. తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లవాడు చేతులు కట్టుకొని అద్దాల బీరువాలను దాటిపోతాడు. ఇందుకు భిన్నంగా, తాకి, తిప్పి, పరీక్షించి చూడమనే విజ్ఞాన ప్రదర్శనశాలలు ఇరవయ్యవ శతాబ్దంలో వ్యాపించాయి. 1903లో ఆస్కార్ వాన్ మిల్లర్ మ్యూనిక్ నగరంలో స్థాపించిన డాయిష్ మ్యూజియంలో సందర్శకులే మీట నొక్కి యంత్రాలను నడిపేవారు. మన దేశంలో 1959లో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక సాంకేతిక ప్రదర్శనశాల ప్రారంభమైంది.

ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. రాజకీయ విశ్వాసాల కారణంగా 1949లో ఆయన విశ్వవిద్యాలయోద్యోగం పోయింది. కొలరాడో రాష్ట్రంలో పశువులను పెంచుతూ కొన్నేళ్లు గడిపి, పిమ్మట ఒక చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో విజ్ఞాన శాస్త్రం బోధించాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం నెలకొల్పాడు. మానవుని ఇంద్రియ జ్ఞానాన్నే దానికి ప్రధాన విషయంగా తీసుకున్నాడు. సందర్శకులకు వివరించే పని హైస్కూలు విద్యార్థులకూ అప్పగించాడు. అక్కడ తండ్రికి తెలియనిది కుమార్తె చేసి చూపవచ్చు. తెలియదని సిగ్గుపడవలసిన పని లేదు.

సంస్థ కొత్తదే గాని, దానికి ఆధారమైన సూత్రం పాతది. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రంపై 'కితాబుల్ మనాజిర్' రచించారు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న యూక్లిడ్, టాలెమీల వాదాన్ని ఆయన తిరస్కరించారు. వెలుగు ఎలా ప్రయాణిస్తుందో తేల్చడానికి, చీకటి గదికి గల రంధ్రానికి ఎదురుగా కొన్ని దీపాలను వేర్వేరు చోట్ల ఉంచమన్నారు. లోపలి గోడపై దీపాలెన్నో వెలుగు మచ్చలన్ని పడతాయి. ఒక దీపాన్ని మరుగుపరిస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుంది. మరుగు తీస్తే తిరిగి వస్తుంది. అనేక దీపాల వెలుగులు ఒకే రంధ్రం గుండా సాగినా ఒకదానితో ఒకటి కలిసిపోవన్నమాట.

పూర్వులు చెప్పారు గనుక నమ్మడం సత్యాన్వేషికి తగదని ఆయన అభిప్రాయం. టాలెమీ గ్రంథాలపై సందేహాలను ఒక ప్రత్యేక గ్రంథంగానే వ్రాశారు. అయితే సందేహించినంత మాత్రాన చాలదు; ఎవరైనా చేసి చూడదగిన పరీక్ష కూడా చూపాలి. దీపాల ప్రయోగం అటువంటిది. ఆ దీపాన్ని పండితుడు మరుగుపరచినా, పిల్లవాడు మరుగుపరచినా గోడపై ఫలితం ఒక్కటే.

పిల్లలను విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసుకువెళ్లే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినది ఇదే. జవాబు ముందుగా చెప్పక, ఆ మీటను పిల్లవాని చేతికే విడిచిపెట్టాలి.