ఉపకారమా, వేతనమా?

‘ఉపకార వేతనం’ అనే మాటలో ఒకదానికొకటి పొసగని రెండు పదాలున్నాయి. ఉపకారం దాత దయ. వేతనం శ్రమకు ప్రతిఫలం. రాజాస్థానాల్లో కవులెరిగిన చిక్కే ఇది. మన పరిశోధక విద్యార్థుల చరిత్ర కూడా ఈ రెంటి మధ్య పెనుగులాటే.

1956లో పార్లమెంటు చట్టంతో యు.జి.సి. శాసనబద్ధమయింది. 1980లలో జూనియర్ ఫెలోషిప్పుకు జాతీయ పరీక్ష వచ్చింది. అందులో పైవరుసన నిలిచిన కొద్దిమందికే అది దక్కేది. మిగిలినవారి మాటేమిటి? 2006లో నాన్-నెట్ వేతనం ప్రవేశపెట్టారు. 2015 నాటికి అది ఎం.ఫిల్.కు నెలకు 5,000, పిహెచ్.డి.కి 8,000 రూపాయలు. అదీ కేంద్ర విశ్వవిద్యాలయాల్లోనే! ఆంధ్రలోనో, ఉస్మానియాలోనో పరిశోధన చేసే కూలి బిడ్డకు ఆ దారి లేదు.

2015 అక్టోబరులో ఆ కాస్తా రద్దు చేయబూనారు. విద్యార్థులు ఢిల్లీలో యు.జి.సి. కార్యాలయం ముందు బైఠాయించారు, లాఠీదెబ్బలు తిన్నారు. ఉన్నది నిలపమనడంతో ఆగక, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ విస్తరించమన్నారు. మొదటిది దక్కింది, రెండవది దక్కలేదు.

మంజూరైనదైనా వేళకు చేతికందుతుందా? 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, ఏడు నెలల ఫెలోషిప్పు 1,75,000 రూపాయలు తనకు రావలసి ఉందనీ, దానిని కుటుంబానికి ఇప్పించమనీ చివరి లేఖలో రాశాడు. వేతనం బాకీపడినవాడు రాసే లెక్క అది.

మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును, ఇతర పథకాలు ఉన్నాయి కదా అంటూ 2022లో ప్రభుత్వం నిలిపివేసింది. 1953లో యు.జి.సి.ని ప్రారంభించిన విద్యామంత్రి ఆ ఆజాదే.