రెండు లిపులు, ఒక్క పేరు

బళ్ళారిసీమ తెలుగువారికి కన్నడలిపి పరాయిది కాదు. ఒకే తెలుగు-కన్నడ లిపినుండి కాలక్రమమున ఈ రెండును వేరుపడినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున నిలువగా, బళ్ళారితో తక్కిన తాలూకాలు మైసూరున చేరినవి. ఎల్లలు మారినవి గాని, మన పెట్టెలలోని పత్రములు మారలేదు. తాతలనాటి తెలుగు విక్రయపత్రమును, నేటి కన్నడ పహణీయు ఒకే పొలమును గూర్చినవైనచో, రెంటను గల పేరు ఒక్కటేయని కంప్యూటరు గుర్తింపగలదా? ఈ ప్రశ్న మన ఆస్తికిని, మన పేరునకును సంబంధించినది.

కంప్యూటరునందలి దప్తరమునకు పట్టికయే ఆధారము. 1970లో కాడ్ పండితుడు దానికి గణితశాస్త్రపు పునాది వేసెను. 1974లో చాంబర్లిన్, బాయిస్ అనువారు దానిని ప్రశ్నించు భాషను వెలువరించిరి. అదియే నేటి ఎస్క్యూఎల్. కరణము రిజిస్టరులో వలెనే ఇందును గళ్లుండును. ఏ గడిలో సంఖ్య, ఏ గడిలో తేదీ, ఏ గడిలో అక్షరములు ఉండవలెనో ముందే నిర్ణయింపవలెను.

అక్షరములును కంప్యూటరునకు సంఖ్యలే. 1991లో వెలువడిన యూనికోడ్ నందు తెలుగు 'క' సంఖ్య 3093; కన్నడ 'క' సంఖ్య 3221. భేదము 128. రెండు లిపులకును సమానమైన అక్షరములలో దాదాపు అన్నిటను ఇదే భేదము. కావున తెలుగు పేరును కన్నడలిపిలోనికి మార్చుటకు కూడిక చాలును. వాడుకలోని ఏ అక్షరమును నష్టపోదు.

ఇంగ్లీషు మీదుగా మార్చినచో నష్టము తప్పదు. మన ఊరి పేరే ఇందుకు సాక్షి. 'బెల్లరీ' యను ఇంగ్లీషు వ్రాతను తిరిగి తెలుగు చేసినచో 'ళ్ళ' దొరకదు. 2014 నవంబరు 1వ తేదీనుండి ఇంగ్లీషునందును 'బళ్ళారి' యనియే ప్రభుత్వము స్థిరపరచినది. గడి యిరుకైనను చిక్కే. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమొక్కటికి మూడు బైట్లు పట్టును. 'బళ్ళారి'లో సంకేతములు ఏడు. కావలసినవి 21 బైట్లు. ఇరువది బైట్ల గడిలో చివరి గుడికి చోటుండదు.

వర్ణక్రమము మరియొక సమస్య. మన వర్ణమాలలో 'ళ' హకారము తరువాతిది. యూనికోడ్ సంఖ్యలలో అది 'ల' ప్రక్కనే, 'వ'కు ముందే యున్నది. కేవలము సంఖ్యలనుబట్టి పేర్చినచో తెలుగులిపి పేర్లన్నియు ముగిసిన పిదపగాని కన్నడలిపి పేర్లు రావు. తెలుగున వ్రాసిన రామప్పయు, కన్నడమున వ్రాసిన రామప్పయు ఒక్కడే యైనను, పట్టికలో దూరదూరముగా నుందురు. వెదకునపుడు ఇరువురిని ఒక్కచోటికి దెచ్చుటకు పేర్లను ముందుగా ఒకే లిపిలోనికి మార్చి పోల్చవలెను.

ఇక మూలపత్రపు మాట. దాని ఛాయాచిత్రమును బ్లాబ్ అను పెద్ద గడిలో నున్నదున్నట్లు నిలుపవచ్చును. అందు లిపిమార్పు లేదు, వర్ణక్రమము లేదు. తాతగారి చేవ్రాలు, ముద్ర, సిరామరక అన్నియు నిలుచును. అయితే అందలి పేరును వెదకుటకు వీలులేదు. కనుక చిత్రమును ఒక గడిలోను, పేరును తెలుగు, కన్నడ లిపులలో వేరువేరు గళ్లలోను ఉంచుట యుక్తము. ఒకటి సాక్ష్యము, రెండవది దారి. మన పిల్లలు కన్నడమున చదువుకొన్నను, తాతగారి పత్రమును చేరుటకు ఆ దారి తెరచియుండవలెను.