బ్రెస్ట్ క్యాన్సర్ సర్జరీ: రొమ్ము మొత్తం తీసేయాల్సిందేనా? ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌ని అడగాల్సినవి ఇవే!

రొమ్ములో గడ్డ క్యాన్సరే అని రిపోర్టు వస్తే ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే.. 'ప్రాణానికి ఏం కాదు కదా?' అని. ఆమె మనసులో మాత్రం ఇంకో ప్రశ్న ఉంటుంది. రొమ్ము మొత్తం తీసేస్తారా? జమ్మికుంట లాంటి ఊళ్లలో ఈ మాట పైకి అడగడానికే చాలామంది మొహమాటపడతారు. అయితే ఈ ప్రశ్న ఆపరేషన్ తర్వాత అడిగితే కొన్ని దారులు మూసుకుపోతాయి. ముందే అడగాలి.

2022 గ్లోబోకాన్ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 98 వేల మంది చనిపోయారు. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

అప్పట్లో ఛాతీ కండరాలు కూడా తీసేసేవారు

19వ శతాబ్దం చివర్లో అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతో పాటు కింద ఉన్న ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదని నమ్మేవారు. దశాబ్దాల తర్వాత ఆ నమ్మకం తప్పని తేలింది. చిన్న గడ్డ ఉన్నవాళ్లకు గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా బతికే అవకాశాల్లో తేడా లేదని 20 ఏళ్ల పరిశీలన తర్వాత 2002లో వచ్చిన అధ్యయనాలు చెప్పాయి.

అందుకే మొదటి ప్రశ్న ఇదీ.. 'గడ్డ వరకే తీస్తే సరిపోతుందా?' గడ్డ పెద్దదైనా, ముందు కీమో ఇచ్చి చిన్నగా చేసి ఆపరేషన్ చేసే వీలు కొందరికి ఉంటుంది.

నిపుల్ స్పేరింగ్ సర్జరీ అంటే?

రొమ్ము మొత్తం తీయక తప్పని కేసుల్లోనూ అందరికీ ఒకే ఆపరేషన్ అక్కర్లేదు. నిపుల్ స్పేరింగ్ మాస్టెక్టమీలో పై చర్మం, చనుమొన, దాని చుట్టూ ఉండే నల్లటి భాగం అలాగే ఉంచుతారు. లోపలి రొమ్ము కణజాలం తీసేస్తారు. ఆ ఖాళీలో ఇంప్లాంట్ లేదా పేషెంట్ ఒంట్లోని కండ, కొవ్వుతో మళ్లీ ఆకారం ఇస్తారు. గాటు సాధారణంగా రొమ్ము కింది మడతలో గానీ, పక్కన గానీ ఉంటుంది.

2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ ఈ తరహా సర్జరీ చేయించుకున్నానని స్వయంగా రాయడంతో ప్రపంచమంతా దీని గురించి మాట్లాడుకుంది. అప్పటికి ఆమెకు క్యాన్సర్ రాలేదు. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉందని తేలడంతో ముందు జాగ్రత్తగా చేయించుకున్నారు. తెలుగు నటి హంసానందిని కూడా తనకు బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిందని, ఇదే జన్యు లోపం ఉందని 2021 డిసెంబర్‌లో బయటపెట్టారు.

ఎవరికి కుదురుతుంది? ఎవరికి కుదరదు?

⦁ గడ్డ చనుమొనకు దూరంగా ఉండాలి. చర్మానికి క్యాన్సర్ పాకి ఉండకూడదు.
⦁ చనుమొన నుంచి రక్తం కారుతున్నా, అది క్యాన్సర్ వల్ల లోపలికి లాక్కుపోయినా సాధారణంగా ఈ సర్జరీ చేయరు.
⦁ రొమ్మంతా ఎర్రబడి వాచే ఇన్‌ఫ్లమేటరీ క్యాన్సర్‌లో ఇది కుదరదు.
⦁ షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్లకు, పొగాకు తాగేవాళ్లకు, రొమ్ములు బాగా పెద్దగా, జారినట్టు ఉన్నవాళ్లకు రిస్క్ ఎక్కువ.

ఆపరేషన్‌లో చనుమొన వెనక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అందులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే చనుమొన కూడా తీసేస్తారు. ఈ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. సరైన కేసుల్లో చేస్తే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు మామూలు మాస్టెక్టమీతో పోలిస్తే పెద్దగా పెరగదని ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి.

రొమ్ముకు మళ్లీ ఆకారం ఎలా?

ఇంప్లాంట్: సిలికాన్‌తో చేస్తారు. ఆపరేషన్ టైమ్ తక్కువ. జీవితాంతం ఉంటుందని గ్యారంటీ లేదు, తర్వాత మార్చాల్సి రావచ్చు. రేడియేషన్ పడితే చుట్టూ గట్టిపడే అవకాశం ఎక్కువ.

సొంత కణజాలం: వీపు కండ గానీ, పొట్ట కింది కొవ్వు గానీ వాడతారు. ఆపరేషన్ పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కానీ రేడియేషన్‌ను బాగా తట్టుకుంటుంది, చూడ్డానికి సహజంగా ఉంటుంది.

ఇవి క్యాన్సర్ సర్జరీతో పాటే చేయొచ్చు, నెలలు, ఏళ్ల తర్వాతా చేయొచ్చు. కానీ చర్మం, చనుమొన కాపాడుకునే అవకాశం మొదటి ఆపరేషన్‌లోనే ఉంటుంది. అసలు రీకన్‌స్ట్రక్షన్ వద్దనుకోవడం కూడా తప్పేం కాదు. బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ములు దొరుకుతాయి.

ఇవీ తెలుసుకోవాలి

చనుమొన మిగిలినా స్పర్శ చాలావరకు పోతుంది. ఆ రొమ్ముతో పాలివ్వడం కుదరదు. కొందరికి రక్తప్రసరణ అందక చనుమొన నల్లబడి దెబ్బతింటుంది. పుండు మానడం ఆలస్యమైతే కీమో కూడా వెనక్కి జరగొచ్చు. చంకలో గ్రంథులు తీస్తే చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. పత్తి ఏరేవాళ్లు, బరువులు మోసేవాళ్లు మళ్లీ పనికి ఎప్పుడు వెళ్లొచ్చో, చేతికి ఏ ఎక్సర్‌సైజులు చేయాలో అడిగి తెలుసుకోవాలి.

జమ్మికుంట నుంచి వెళ్లేవాళ్లకు..

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిది. జమ్మికుంట స్టేషన్‌ నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్‌కు రైళ్లున్నాయి. బయాప్సీ, మామోగ్రామ్ రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచారు. అయితే క్యాన్సర్ సర్జరీతో పాటు రీకన్‌స్ట్రక్షన్, ఇంప్లాంట్ ఖర్చు కూడా అందులోకి వస్తాయా అన్నది అడ్మిట్ అయ్యే ముందే ఆరోగ్యమిత్రను అడగాలి. రేడియేషన్ ఉంటే కొన్ని వారాల పాటు దాదాపు రోజూ వెళ్లాలి కాబట్టి అక్కడ ఉండేందుకు ఏర్పాటు చూసుకోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగూ మర్చిపోవద్దు.. గడ్డ వరకే తీయొచ్చా? చనుమొన మిగల్చొచ్చా? రేడియేషన్ అవసరమా? ప్లాస్టిక్ సర్జన్‌తో ముందే మాట్లాడొచ్చా? ఇవి అందం కోసం అడిగే ప్రశ్నలు కావు, ట్రీట్‌మెంట్‌లో భాగమే. ఈ ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. అలాగని వీటి కోసం సర్జరీని నెలల తరబడి వాయిదా వేయడం మాత్రం ప్రమాదం.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఏ సర్జరీ సరిపోతుందో క్యాన్సర్ స్పెషలిస్ట్‌ని సంప్రదించే నిర్ణయించుకోవాలి.